విమానాల మధ్య ప్రమాదం తప్పిన తరువాత కంట్రోలర్‌కు తోడు ఎవరు? సలహా కావాలి

కృష్ణలంక (ఆగస్టు 9, రాత్రి 11:40)

ఈ వేదికలో విమానయాన రంగంలో పనిచేసినవారు, వైద్యులు, విదేశాల్లో స్థిరపడినవారు ఉన్నారని తెలిసి, చాలా రోజులు తటపటాయించిన తరువాత ఈ ప్రశ్న అడుగుతున్నాను. మావారు ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్. పదకొండేళ్లుగా ఈ ఉద్యోగంలో ఉన్నారు. ఏ విమానాశ్రయమో చెప్పలేను, దయచేసి ఎవరూ అడగవద్దు.

అయిదు వారాల క్రితం ఒక సాయంత్రం ఆయన చూస్తున్న రెండు విమానాల మధ్య ఉండవలసిన ఎడం తగ్గిపోయింది. ఆయన చెప్పిన ఎత్తును ఒక పైలట్ వేరే అంకెతో తిరిగి చదివారట. ఆ సమయంలో పక్కనున్న ఫోన్ మోగడంతో ఆ తేడా ఈయన చెవిన పడలేదు. విమానాల్లోని హెచ్చరిక యంత్రాలు మోగి, ఒకరు పైకి, ఒకరు కిందికి తప్పుకున్నారు. ఎవరికీ దెబ్బ తగలలేదు. ప్రయాణికుల్లో చాలామందికి ఆ సంగతే తెలిసి ఉండదు.

ఆయనను వెంటనే సీటు నుంచి దించి, నివేదిక రాయించుకుని, రోస్టర్ నుంచి తప్పించి ఇంటికి పంపారు. రాత్రి పదింటికి బండి మీద ఒక్కరే వచ్చారు. అప్పటి నుంచి సరిగా నిద్ర లేదు. మా వంటింట్లో పాల లెక్క రాసుకునే క్యాలెండర్ ఉంది. దాని అంచుల్లో ఆ రెండు విమానాల ఎత్తులు, నిమిషాలు రాస్తారు, కొట్టేస్తారు, మళ్లీ రాస్తారు. నిద్రలో కాల్‌సైన్లు (రేడియోలో విమానాలను పిలిచే పేర్లు) పలుకుతారు. ఇంటికి వచ్చిన బంధువులు "ఏమీ కాలేదుగా, ఇంకా దిగులెందుకు" అంటే లేచి లోపలికి వెళ్లిపోతారు. మా అత్తగారు దిష్టి తీశారు, నేను వెంకన్నకు ముడుపు కట్టాను. అవి మా నమ్మకం కొద్దీ చేసుకున్నవి. వాటితో ఆగిపోకూడదని నాకు తెలుసు.

డాక్టరు దగ్గరకు వెళదామంటే, ఆ కాగితం లైసెన్సుకు అడ్డం వస్తుందని భయపడుతున్నారు. ఆ భయం నిజమేనా? ఇటువంటి సంఘటనల తరువాత ఇతర దేశాల్లో కంట్రోలర్లకు ఏమి చేస్తారు? ఇంట్లో నేను ఏమి చేయాలి, ఏమి చేయకూడదు?

పాతటవర్ (ఆగస్టు 10, ఉదయం 5:55)

అమ్మా, నేను ముప్పై మూడేళ్లు ఈ పని చేసి పదవీ విరమణ చేశాను. అలహాబాద్ శిక్షణ కళాశాలలో నేర్చుకుని, బేగంపేట టవర్‌లో మొదటి రేటింగ్ (సీటులో పనిచేసే అర్హత) తెచ్చుకున్నవాడిని. మీ ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పగలిగినంత చదువు నాకు లేదు. ఒక్క విషయం మాత్రం అనుభవంతో చెప్పగలను.

"ఏమీ కాలేదుగా" అన్న మాట మీ వారిని ఎందుకు లేపేస్తుందో మీ బంధువులకు అర్థం కాదు, అందుకు వారిని తప్పు పట్టలేము. మా వృత్తిలో "పిక్చర్" అని ఒక మాట ఉంది. ఆకాశంలో ఏ విమానం ఎక్కడ ఉంది, రెండు నిమిషాల తరువాత ఎక్కడ ఉంటుంది అన్న చిత్రం కంట్రోలర్ తలలో నిరంతరం కదులుతూ ఉంటుంది. తెర మీద కనిపించేది దానికి సాయం మాత్రమే. ఎడం తగ్గిన క్షణంలో ఆ చిత్రం చేతిలో నుంచి జారిపోతుంది. ఆ తరువాత మనిషి చేసే మొదటి పని రెండు విమానాల్లోనూ ఎంతమంది ఉన్నారో లెక్క వేసుకోవడం. నేనూ వేసుకున్నాను. నా లెక్క 214. దాదాపు ఇరవై ఎనిమిదేళ్లయింది, ఆ అంకె మరచిపోలేదు.

ఆ రాత్రి ఒక చిన్న గదిలో కాగితం, పెన్ను ఇచ్చి కూర్చోబెట్టారు. నాలుగు గంటలు ఎవరూ పలకరించలేదు. పలకరిస్తే విచారణలో జోక్యం అవుతుందని అందరూ తప్పుకున్నారని తరువాత తెలిసింది. తెల్లవారుజామున నాకంటే పదేళ్లు పెద్దవారైన ఒక సహోద్యోగి తన డ్యూటీ ముగించుకుని ఫ్లాస్కులో టీ తెచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. ఏమి జరిగిందని అడగలేదు. "నాకూ ఒకసారి అయింది. మూడు నెలలు పట్టింది. మళ్లీ కూర్చున్నాను" అన్నారు. ఆయన ఆ మూడు మాటలు అనకపోతే నేను ఆ ఉద్యోగం వదిలేసి ఉండేవాడిని.

తప్పు ఉన్నవారికే ఇలా అవుతుందనుకోవద్దు. 1996 నవంబర్ 12న చర్ఖీ దాద్రీ మీద సౌదీ విమానం, కజకిస్తాన్ విమానం ఢీకొని 349 మంది మరణించారు. కజక్ విమానం తనకిచ్చిన 15,000 అడుగుల ఎత్తును దాటి కిందికి దిగిందని జస్టిస్ లాహోటీ విచారణలో తేలింది. ఎదురుగా విమానం వస్తోందన్న హెచ్చరిక కూడా కంట్రోలర్ ముందే చెప్పారు. ఆయన తప్పు లేదు. అయినా ఆ వారమంతా నేను పనిచేసే గదిలో ఎవరూ గొంతెత్తి మాట్లాడలేదు. ఆ సీటులో కూర్చున్నది తానేనన్నట్టు ప్రతి ఒక్కరూ ఊహించుకున్నారు.

మీ వారితో మాట్లాడటానికి మరొక కంట్రోలర్ కావాలి. ఆయన ఒప్పుకుంటే నేను వస్తాను.

నిమ్మచెట్టు (ఆగస్టు 10, మధ్యాహ్నం 2:10)

నేను హైదరాబాద్‌లో మానసిక వైద్యురాలిని. మీ వారిని చూడకుండా జబ్బు పేరు చెప్పడం సరికాదు కనుక సాధారణంగా తెలిసిన సంగతులు రాస్తాను.

పెద్ద భయం తరువాత మొదటి వారాల్లో నిద్ర పట్టకపోవడం, జరిగినది పదేపదే కళ్ల ముందు కదలడం, చిన్న శబ్దానికి ఉలిక్కిపడటం చాలామందిలో కనిపిస్తుంది. మెదడు ఆ సంఘటనను సర్దుకోవడానికి చేసే ప్రయత్నం అది, దానంతట అదే జబ్బు కాదు. చాలామందిలో క్రమంగా తగ్గుతుంది. ఒక నెల దాటినా తగ్గకుండా, పనిని, అనుబంధాలను దెబ్బతీస్తూ ఉంటే అప్పుడు పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ ఉందేమో పరీక్షించాలి. మీకు అయిదు వారాలైంది. కనుక ఇప్పుడు వైద్యులను కలవడం తొందరపాటు కాదు, ఆలస్యమూ కాలేదు. దీనికి మంచి చికిత్సలు ఉన్నాయి. సంఘటన మీద దృష్టి పెట్టి చేసే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనలను, అలవాట్లను మార్చుకునే మాటల చికిత్స), ఈఎండీఆర్ (కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకాన్ని తలచుకునే చికిత్స) అన్నవి బాగా పరిశోధించినవి.

రెండు హెచ్చరికలు చేస్తాను. మొదటిది, ఎవరో తెలిసినవారు ఇచ్చారని నిద్రమాత్రలు వాడవద్దు. బెంజోడయాజిపైన్ రకం మాత్రలు ఈ బాధను నివారించవు, అలవాటుగా మారతాయి, పైగా అవి వాడుతూ కంట్రోలర్ డ్యూటీ చేయకూడదు. నిద్ర కోసం మద్యం తీసుకోవడం అంతకంటే హాని చేస్తుంది. రెండవది, "అంతా చెప్పేయండి, మనసు తేలికవుతుంది" అని ఆయనను బలవంతపెట్టవద్దు. ఒకప్పుడు ప్రమాదం జరిగిన రెండు మూడు రోజుల్లోనే అందరినీ కూర్చోబెట్టి, జరిగినదంతా ఒకే విడతలో చెప్పించే పద్ధతిని అన్నిచోట్లా ప్రోత్సహించారు. 2002లో వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్ష, ఒక్కొక్కరితో ఒకే విడతలో అలా చెప్పించడం తరువాతి జబ్బును ఆపుతుందనడానికి ఆధారం లేదని, కొందరికి కీడు కూడా చేయవచ్చునని తేల్చింది. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది మానసిక ప్రథమ చికిత్స. భద్రంగా ఉన్నానన్న నమ్మకం కలిగించడం, తిండి, నిద్ర, ఇంటికి చేర్చడం వంటి తక్షణ అవసరాలు చూడటం, మనిషి మాట్లాడాలనుకుంటే వినడం, తనవారితో కలపడం అందులో ముఖ్యమైనవి.

"ఒక్కరే బండి మీద వచ్చారు" అని మీరు రాసిన వాక్యం నన్ను బాధపెట్టింది. ఆ స్థితిలో ఉన్న మనిషిని ఒంటరిగా పంపకూడదు. దానికి ఏ మానసిక శాస్త్రమూ అక్కరలేదు.

రైన్‌తీరం (ఆగస్టు 10, రాత్రి 9:30)

నేను జర్మనీలో విమాన నియంత్రణ వ్యవస్థల సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నాను, కంట్రోలర్‌ను కాను. కానీ వారి పక్క గదుల్లో పద్నాలుగేళ్లుగా ఉన్నాను కాబట్టి ఇక్కడి పద్ధతి దగ్గరగా చూశాను.

దీనిని ఇక్కడ సీఐఎస్ఎమ్ అంటారు. పూర్తి పేరు క్రిటికల్ ఇన్సిడెంట్ స్ట్రెస్ మేనేజ్‌మెంట్. అమెరికాలో అగ్నిమాపక, అత్యవసర వైద్య సేవల్లో పనిచేసిన జెఫ్రీ మిచెల్ 1980లలో వారి కోసమే రూపొందించిన పద్ధతి అది. జర్మన్ విమాన నియంత్రణ సంస్థ డీఎఫ్ఎస్ దీనిని 1990ల చివరలో తన కంట్రోలర్లకు అన్వయించుకుంది. మామూలు కంట్రోలర్లలోనే కొందరికి శిక్షణ ఇచ్చి "పీర్"లుగా తయారుచేస్తారు. ఎడం తగ్గినా, విమానం కూలినా, పైలట్ గొంతు మధ్యలో ఆగిపోయినా, సూపర్‌వైజర్ ఆ కంట్రోలర్‌ను సీటు నుంచి లేపి పీర్‌కు కబురు చేస్తారు. పీర్ వచ్చి పక్కన కూర్చుంటారు, ఇంటికి చేరుస్తారు, మరునాడు ఫోన్ చేస్తారు, అవసరమని తోస్తే మానసిక నిపుణులకు అప్పగిస్తారు. అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఏమిటంటే, పీర్ విన్న మాట విచారణకు వెళ్లదు, యాజమాన్యానికి వెళ్లదు, కాగితం మీదకు ఎక్కదు.

ఇక్కడివారు ఈ సంగతి ఎత్తగానే ఉబర్‌లింగెన్ పేరు తలుస్తారు. 2002 జూలై 1 రాత్రి కాన్‌స్టన్స్ సరస్సు పక్కన ఆ ఊరి మీద రష్యా ప్రయాణికుల విమానం, డీహెచ్ఎల్ సరుకు విమానం ఢీకొని 71 మంది మరణించారు. వారిలో ఎక్కువమంది సెలవులకు వెళుతున్న పిల్లలు. ఆ ఆకాశాన్ని చూసే జ్యూరిక్ కేంద్రంలో ఆ రాత్రి ఒకే కంట్రోలర్ రెండు సీట్లు చూస్తున్నారు, రెండవవారు విశ్రాంతిలో ఉన్నారు. మరమ్మతుల వల్ల ప్రధాన ఫోన్ లైన్లు ఆగి ఉన్నాయి, ముందస్తుగా హెచ్చరించే తెర సదుపాయం పనిచేయడం లేదు. పక్కనున్న కార్ల్స్‌రూ కేంద్రంలో ఒక కంట్రోలర్‌కు తన తెర మీద ఆ రెండు విమానాలు దగ్గరవుతున్నట్టు కనిపించింది. జ్యూరిక్‌కు పలుమార్లు ఫోన్ చేశారు. లైను కలవలేదు. ఆయన తన బాధ్యతలో లేని విమానాల కోసం ఫోన్ పట్టుకుని చూస్తూ ఉండిపోవలసి వచ్చింది. మనసుకు గాయమైన కంట్రోలర్ అనగానే మనం సీటులో ఉన్నవారిని మాత్రమే తలచుకుంటాము. అందుకే కార్ల్స్‌రూ గురించి ప్రత్యేకంగా రాశాను.

జ్యూరిక్‌లో డ్యూటీలో ఉన్న ఆ కంట్రోలర్‌ను 2004 ఫిబ్రవరి 24న, ఆ ప్రమాదంలో భార్యను, ఇద్దరు పిల్లలను కోల్పోయిన ఒక తండ్రి ఆయన ఇంటికి వెళ్లి పొడిచి చంపాడు. 2007లో స్విస్ న్యాయస్థానం శిక్షించినది మాత్రం ఆయన పనిచేసిన నియంత్రణ సంస్థ మేనేజర్లలో నలుగురిని. ఈ వరుస చదివిన ప్రతిసారీ నాకు మనసు కలుక్కుమంటుంది.

ఐరోపా సమాఖ్యలో ఇప్పుడు ఇది దయాదాక్షిణ్యాల విషయం కాదు. 2017/373 నిబంధన ప్రకారం కంట్రోలర్ల ఒత్తిడి గురించి ప్రతి నియంత్రణ సంస్థకూ ఒక విధానం ఉండాలి, అందులో సీఐఎస్ఎమ్ కార్యక్రమం భాగంగా ఉండాలి. 2020 జనవరి నుంచి అది అమలులో ఉంది.

నిమ్మచెట్టు (ఆగస్టు 11, ఉదయం 7:20)

రైన్‌తీరం గారూ, మీరు వివరించిన పీర్ పద్ధతిని గౌరవిస్తాను. ఒక చిన్న సవరణ అవసరం. మిచెల్ గారి మూల పద్ధతిలో ఉన్న డీబ్రీఫింగ్ (జరిగినదంతా ఒకే విడతలో చెప్పించడం) అన్న భాగమే, ఒక్కొక్కరికి విడిగా చేసిన రూపంలో, నేను చెప్పిన కాక్రేన్ సమీక్షలో ప్రశ్నకు గురైంది. దానిని సమర్థించేవారు "ఒక్క భాగాన్ని విడదీసి, అది ఉద్దేశించని రోగుల మీద ప్రయోగించి తీర్పు చెప్పారు" అని వాదిస్తారు. ఆ వాదనలో కొంత బలం ఉంది, ఎందుకంటే ఆ పరిశోధనల్లో చాలావాటిలో ఉన్నది కాలిన గాయాలు, రోడ్డు ప్రమాదాలతో ఆసుపత్రిలో చేరినవారు. అయినా నా సలహా మారదు. తోటి కంట్రోలర్ పక్కన కూర్చోవడం మంచిది. మూడవ రోజున అందరినీ చుట్టూ కూర్చోబెట్టి వరుసగా చెప్పించడం మాత్రం తప్పనిసరి చేయకూడదు.

రైన్‌తీరం (ఆగస్టు 11, ఉదయం 11:05)

అంగీకరిస్తున్నాను. నేను చూసినంతలో ఇద్దరు మనుషులు కాఫీ గదిలో మాట్లాడుకోవడమే ఎక్కువ, సమావేశాలు చాలా అరుదు.

రాత్రివాచ్ (ఆగస్టు 12, రాత్రి 1:15)

నేను ప్రస్తుతం సర్వీసులో ఉన్న కంట్రోలర్‌ను. లైసెన్సు భయం నిజమేనా అన్న కృష్ణలంక గారి ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు కనుక రాస్తున్నాను.

మాకు మూడవ తరగతి వైద్య ధ్రువపత్రం ఉండాలి. అది ఆగితే లైసెన్సు ఆగుతుంది, అది ఆగితే సీటు ఉండదు. కాబట్టి నిద్ర పట్టడం లేదని చెప్పడానికి కూడా మేము భయపడతాము. ఈ భయంలో నిజం కొంత, ఊహ ఎక్కువ. ఒత్తిడితో కొంతకాలం బాధపడి, చికిత్స తీసుకుని, కోలుకున్నవారిని శాశ్వతంగా అనర్హులను చేయాలన్న నియమం ఏదీ లేదు. తాత్కాలికంగా విధులకు దూరంగా ఉంచి, కోలుకున్న తరువాత మళ్లీ పరీక్షించి తీసుకుంటారు. మందులు వాడితే ఆ విషయం దాచకూడదు. దాచి సీటులో కూర్చోవడం తనకూ, విమానంలో ఉన్నవారికీ అన్యాయం. 2023లో డీజీసీఏ (దేశంలో పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) పైలట్లతో పాటు కంట్రోలర్ల మానసిక ఆరోగ్యం గురించి కూడా మార్గదర్శకాలు ఇచ్చి, తోటివారి సహాయ కార్యక్రమాలను ప్రోత్సహించింది. కాగితం మీద దారి వేశారు. ఆ దారిలో మనుషులు నడవాలంటే, అడిగిన వారికి హాని జరగదని నాలుగైదు సందర్భాల్లో కళ్లారా చూడాలి.

అసలు చిక్కు మరొకచోట ఉంది. మా దగ్గర సంఘటన జరగగానే వచ్చేవారందరూ ప్రశ్నలు అడిగేవారే. టేపులు వింటారు, రాడార్ రికార్డు చూస్తారు, వాంగ్మూలం రాయమంటారు. అదంతా జరగవలసిందే, దానివల్లే తరువాతి ప్రమాదం ఆగుతుంది. కానీ ఆ వరుసలో మనల్ని ఏమీ అడగని మనిషి ఒక్కరైనా ఉండాలి. ఓదార్చడానికి వచ్చినవారూ, తప్పు వెతకడానికి వచ్చినవారూ ఒకరే అయితే ఎవరు నోరు విప్పుతారు? 1976 సెప్టెంబర్ 10న జాగ్రెబ్ మీద రెండు విమానాలు ఢీకొని 176 మంది చనిపోతే, అప్పటి కంట్రోలర్‌కు ఏడేళ్ల జైలు శిక్ష వేశారు. తోటి కంట్రోలర్లు ఉద్యమించిన తరువాత, రెండేళ్లకు పైగా గడిచాక బయటికి వచ్చారు. మా పాఠాల్లో ఆ కథ ఉంటుంది. శిక్షణలోనే ఆ భయం లోపలికి దిగిపోతుంది.

2025 జూన్ 12 మధ్యాహ్నం అహ్మదాబాద్‌లో విమానం కూలిన సంగతి మీ అందరికీ తెలుసు. విమానంలో 241 మంది, కింద 19 మంది పోయారు. ప్రాథమిక నివేదికలో కంట్రోలర్ గురించి ఉన్నది రెండు మూడు పంక్తులే. మేడే (పైలట్ చేసే అత్యవసర పిలుపు) వినగానే కాల్‌సైన్ అడిగారు, జవాబు రాలేదు, విమానం ప్రహరీ అవతల కూలడం చూశారు, అత్యవసర చర్యలు మొదలుపెట్టారు. ఆ "చూశారు" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. టవర్ అద్దాల్లో నుంచి అది చూసి, వెంటనే ఫైర్ సర్వీసుకు చెప్పి, ఆకాశంలో మిగిలిన విమానాలను వేరే దారి పట్టించాలి. ఆయన చేతులు వణికాయో లేదో ఎవరూ అడగరు.

కాజీపేటజంక్షన్ (ఆగస్టు 12, ఉదయం 6:40)

నేను రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేశాను. మీ రంగం వేరు, కానీ రాత్రివాచ్ గారు రాసిన "ఏమీ అడగని మనిషి" అన్న మాట చదివి రాయకుండా ఉండలేకపోయాను. పట్టాల మీద మనిషి అడ్డం వచ్చినప్పుడు లోకో పైలట్ బండి ఆపి, మెమో రాయించి, మళ్లీ అదే బండి నడుపుకుంటూ తరువాతి స్టేషనుకు వెళ్లడం ఎన్నోసార్లు చూశాను. వారు దిగి వచ్చి కాగితం మీద సంతకం చేసేటప్పుడు నేను ఒక కుర్చీ, గ్లాసు మంచినీళ్లు ఇచ్చేవాడిని. అంతకంటే ఇవ్వాలని అప్పుడు నాకు తెలియలేదు.

పొటోమాక్ (ఆగస్టు 12, సాయంత్రం 7:50)

నేను వాషింగ్టన్ దగ్గర ఉంటాను, మా ఇంటి ఎదురుగా ఉండే మిత్రుడు కంట్రోలర్. అమెరికా సంగతి ఎవరూ ప్రస్తావించలేదు కనుక క్లుప్తంగా రాస్తాను.

ఇక్కడ కంట్రోలర్ల సంఘం నాట్కా, నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ కలిసి పీర్ బృందాలు నడుపుతాయి. 2025 జనవరి 29న రీగన్ విమానాశ్రయం దగ్గర ప్రయాణికుల విమానం, సైనిక హెలికాప్టర్ ఢీకొని 67 మంది మరణించారు. కొన్ని గంటల్లోనే ఆ సంభాషణ రికార్డు టీవీల్లో, ఫోన్లలో మోగడం మొదలైంది. కంట్రోలర్ గొంతును దేశమంతా విన్నది, దాని మీద తీర్పులు చెప్పింది. మా మిత్రుడు ఆ టవర్‌లో పనిచేయడు. అయినా వారం రోజులు టీవీ పెట్టలేదు, భోజనాల దగ్గర ఎవరైనా ఆ మాట ఎత్తితే లేచి బయటికి వెళ్లేవాడు.

అదే ఏడాది ఏప్రిల్ 28న న్యూవార్క్ విమానాలను నడిపించే ఫిలడెల్ఫియా కేంద్రంలో రాడార్, రేడియో సుమారు 90 సెకన్లు పోయాయి. ఏ ప్రమాదమూ జరగలేదు. అయినా కొందరు కంట్రోలర్లు ట్రామా సెలవు తీసుకున్నారు. విధి నిర్వహణలో గాయపడిన ఫెడరల్ ఉద్యోగికి 45 రోజుల వరకు జీతం ఆగకుండా చూసే చట్టం కింద వచ్చే సెలవు అది. కొందరు వారిని విమర్శించారు. దాదాపు నిమిషంన్నర పాటు విమానాలు కనిపించకుండా, వినిపించకుండా పోతే ఆ సీటులో ఎలా ఉంటుందో వారు ఊహించలేదనిపించింది. కృష్ణలంక గారూ, మీ బంధువులు "ఏమీ కాలేదుగా" అంటున్నారు. ఇక్కడ చట్టం మాత్రం రక్తం కనిపించకపోయినా దానిని గాయమని ఒప్పుకుంది.

కృష్ణలంక (ఆగస్టు 12, రాత్రి 10:30)

అందరికీ నమస్కారాలు. ఈ జవాబులన్నీ ఆయనకు చదివి వినిపించాను. పాతటవర్ గారి 214 దగ్గర ఆపమన్నారు. చాలాసేపటికి "నాది 331" అన్నారు. పెళ్లయిన తరువాత ఆయన కళ్లలో నీళ్లు చూడటం నాకు ఇది రెండవసారి. నేను ఏమీ అనలేదు, పక్కన కూర్చున్నాను. అది సరైనదేనా? ఇంకా ఏమైనా చెప్పవలసి ఉండిందా?

పాతటవర్ గారిని కలవడానికి ఒప్పుకున్నారు.

నిమ్మచెట్టు (ఆగస్టు 13, ఉదయం 8:00)

సరైనదే. మీరు ఇంకేమీ చెప్పవలసిన పని లేదు. ఒక్క సంగతి అడగడానికి మాత్రం సంకోచించకండి. బతకాలని లేదన్నట్టు ఎప్పుడైనా మాట్లాడితే, "చనిపోవాలన్న ఆలోచన వస్తోందా" అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. అటువంటి పరిస్థితిలో ఆయనను ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీమానస్ 14416 కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. మీరు కూడా ఈ అయిదు వారాలుగా సరిగా నిద్రపోయి ఉండరు. మీ కోసం కూడా చేయవచ్చు.

పాతటవర్ (ఆగస్టు 13, ఉదయం 9:15)

శనివారం ఉదయం వస్తాను. మీరు అతిథి మర్యాదలేవీ పెట్టుకోవద్దు. మేమిద్దరం అలా నడిచి వస్తాము. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడటం కంటే, పక్కపక్కన నడుస్తూ మాట్లాడటం మా వాళ్లకు తేలిక, ఎందుకంటే పనిలో కూడా మేము పక్కపక్కనే కూర్చుంటాము, ఇద్దరమూ ఒకే తెర వైపు చూస్తాము.

కృష్ణలంక (సెప్టెంబర్ 27, సాయంత్రం 6:20)

ఆరు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. పాతటవర్ గారు నాలుగుసార్లు వచ్చారు. మొదటిసారి మూడు గంటలు నడిచి, ఇద్దరూ ఎండకు కమిలిపోయి ఇల్లు చేరారు. వారేమి మాట్లాడుకున్నారో నేను అడగలేదు. రెండవ వారంలో మావారే మానసిక వైద్యుల దగ్గరకు వెళదామన్నారు. మందులు అవసరం లేదని, వారానికి ఒకసారి థెరపీకి రమ్మని చెప్పారు. ఆరుసార్లు వెళ్లారు. ఇప్పుడు రాత్రి అయిదారు గంటలు నిద్రపోతున్నారు. టైరు పేలిన శబ్దానికి మొన్న కూడా ఉలిక్కిపడ్డారు, అంతా తగ్గిపోయిందని చెప్పను.

విచారణ ముగిసింది. తిరిగి చదివిన అంకెను గమనించకపోవడం ఆయన లోపంగా, అదే సమయంలో ఆ సీటుకు వచ్చే ఫోన్లను మరొకరికి అప్పగించకపోవడం ఏర్పాటులో లోపంగా రాశారు. రెండవ వాక్యం చదివినప్పుడు ఆయన ఊపిరి పీల్చుకున్నారు. మొదటి వాక్యాన్ని కాదనలేదు. వచ్చే నెల నుంచి కొన్ని రోజులు పరిశీలనలో పనిచేయించి, ఆ తరువాత మళ్లీ సీటులో కూర్చోబెడతారు. మొదటి రోజు ఎలా ఉంటుందోనన్న దిగులు ఆయన కంటే నాకే ఎక్కువగా ఉంది. ఆయనను దేనికి సిద్ధం చేయాలి?

పాతటవర్ (సెప్టెంబర్ 28, ఉదయం 5:50)

అమ్మా, ఆయనతో చెప్పినదే మీకూ చెబుతాను. హెడ్‌సెట్ పెట్టుకుని మొదటి విమానాన్ని పిలిచినప్పుడు గొంతు తడబడుతుంది. తనకు మాత్రమే తెలుస్తుంది, పైలట్‌కు తెలియదు. ప్రతి అంకెను రెండుసార్లు వింటారు. మొదటి వారం అది మంచిదే. నెల తరువాత కూడా రెండుసార్లు అడుగుతూ ఉంటే పని నెమ్మదిస్తుంది, అప్పుడు పక్కనున్నవారు చెబుతారు. రద్దీ తక్కువ ఉండే వేళలో, ముప్పై నలభై నిమిషాల చొప్పున, తనకు నమ్మకమున్న సీనియర్ పక్కన ఉండగా మొదలుపెట్టించమని ఆయన వాచ్ సూపర్‌వైజరీ ఆఫీసర్‌ను అడగవచ్చు. అలా అడగడంలో చిన్నతనం లేదు. సంఘటన జరిగిన సాయంత్రపు వేళకే మొదటి డ్యూటీ వేస్తే మార్చమని అడగమన్నాను.

ఆ రోజు ఆయనకు ఏమైనా వండి పెట్టి పంపాలనుకుంటారు, తేలికగా పెట్టండి. డ్యూటీ ముగిశాక గేటు బయట నేను ఉంటాను. బండి ఇంట్లోనే వదిలి రమ్మనండి, నా కారులో తీసుకువస్తాను.